మిగిలిన మోకాలు

పెట్టెలో ఒక మోకాలు మిగిలింది.

మిగిలితే మిగిలిందిలే, ఎవరో ఒకరికి పనికొస్తుందని అలమారలో పెట్టేస్తే ఇంత కథ ఉండేది కాదు. కృత్రిమ కాళ్లూ చేతులూ తయారుచేసే ఆ వర్క్‌షాపులో అందరూ ఆ పనే చేయబోయారు కూడా. కాళ్లు బిగించే మేస్త్రి ఆ ఇనుప మోకాలిని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు మడిచి చాపి, “మోకాళ్లు తక్కువ పడటం చూశాం గానీ ఎక్కువ రావడం ఎప్పుడైనా చూశామా! వచ్చిందాన్ని వద్దనకూడదు, లోపల పెట్టండి” అన్నాడు. సరిగ్గా అప్పుడే టీ గ్లాసు పట్టుకుని ఎందుకక్క ఆ గదిలోకి వచ్చింది.

“ఎందుకు మిగిలింది?” అంది.

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఆ మాట పడిందంటే ఇక ఆ పూట పని సాగినట్టే.

అందరికీ ఆవిడ ‘ఎందుకక్క’, అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరూ పలకరు. నలభై దాటిన మనిషి. వర్క్‌షాపు మొత్తానికి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేది ఆవిడొక్కతే. చిన్నప్పుడు గడియారం ముళ్లు అటువైపే ఎందుకు తిరుగుతాయో చూద్దామని విప్పిందట. మళ్లీ బిగించాక అవి ఎటూ తిరగలేదు. “నీకు ‘ఎందుకు’ అన్న ముక్క నేర్పినవాళ్లని అనాలి” అని వాళ్లమ్మ తిట్టేది. నేర్పింది ఆ తల్లే మరి. పెళ్లయి అత్తగారింటికి వెళ్లిన మొదటి వారంలోనే వంటింట్లో ప్రతి డబ్బా మూతా తీసి చూసి, “అత్తయ్యా, సబ్బులూ కొవ్వొత్తులూ ఒకే డబ్బాలో ఎందుకున్నాయి?” అని అడిగింది. అత్తగారు తడుముకోకుండా “రెండూ కరిగిపోయేవే కదమ్మా” అంది. వేరే కోడలైతే మూతి విరిచేది. ఈ కోడలు మాత్రం ఆ జవాబుకి మురిసిపోయి, ఆ డబ్బాను అలాగే ఉండనిచ్చింది. నాటినుంచీ ఆ ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆ వర్క్‌షాపుకి కూడా ఆవిడ ఉద్యోగం కోసం రాలేదు. పనిచేసేచోట యంత్రంలో పడి తమ్ముడి కుడిచెయ్యి నలిగిపోతే, వాడికి చెయ్యి చేయించడానికి వెంటపెట్టుకు వచ్చింది. వాడు లోపల కొలతలిస్తుంటే అక్కగారు బయట కుదురుగా కూర్చోలేక గది గదీ తిరిగింది. ఒక గదినిండా నేలనుంచి కప్పుదాకా ప్లాస్టర్ కాళ్లు, పాదాలు, మోచేతులు. “ఇందులో ఫలానా మనిషి కాలు కావాలంటే ఎలా వెతుకుతారండీ?” అని అడిగింది. ఎవరికీ సరైన జవాబు తెలీదు. తమ్ముడికి చెయ్యి వచ్చేలోగా అక్కకి ఉద్యోగం వచ్చింది.

అలాంటి మనిషి ముందు ఒక మోకాలు మిగిలింది. ఊరుకుంటుందా?

“మేస్త్రీ, మోకాళ్లు మనం లెక్కేసే కదా తెప్పిస్తాం?”

“అవును.”

“ఆ లెక్క నా ప్రోగ్రామే కదా ఇస్తుంది?”

“నీ ప్రోగ్రామే తల్లీ, ఎవరు కాదన్నారు?”

“జాబితాలో ఉన్నవాళ్లందరూ వచ్చారు. అందరికీ బిగించారు. మరి ఇదెవరిది?”

మోకాళ్లు ఎక్కడో దూరాన తయారై ఓడలో వస్తాయి. ఒకసారి వస్తే మళ్లీ నెలలు పడుతుంది. అందుకని ఎంతమందికి కాలు మోకాలి పైన పోయిందో లెక్క తీసి, అన్నే తెప్పిస్తారు. మోకాలి కింద పోయినవాళ్లకి ఈ ఇనుప మోకాలితో పని లేదు. సొంత మోకాలు ఉంటుంది కాబట్టి కింద కాలూ పాదమూ చాలు, వాటిని వర్క్‌షాపులోనే వారం రోజుల్లో చేసిస్తారు.

మేస్త్రి కాసేపు బుర్ర గోక్కున్నాడు. “ఆఁ, ఆ బోర్డులావిడ ఉందిగా. దుకాణాల బోర్డులు రాసే ఆవిడ. పొద్దున్న వచ్చింది. జాబితాలో పేరుంది గానీ ఆవిడకి మోకాలు అక్కర్లేదు.”

“ఎందుకు అక్కర్లేదు?”

“ఉంది గనక.”

“ఏముంది?”

“మోకాలు! సొంతది. కాలు మోకాలి కిందే పోయింది. ఎవరో పొరపాటున రాసుంటారు. కసరత్తు గదిలో కూర్చోబెట్టాను, వెళ్లి చూడు.”

ఎందుకక్క టీ గ్లాసు అక్కడే పెట్టేసి కసరత్తు గదికి నడిచింది. మోకాలి గురించి అడగడానికి వెళ్తున్నాననే అనుకుంది. గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి.

బోర్డులావిడ బల్లమీద బోర్లా పడుకుని ఉంది. చేతి గోళ్లలో ఎర్రరంగు, పచ్చరంగు ఇంకా వదల్లేదు. కసరత్తు మేడం ఆవిడ కుడికాలిని మోకాలి దగ్గర పట్టుకుని మెల్లగా తిన్నగా చాపుతోంది. అది రావడం లేదు. సగానికి పైగా వచ్చి, అక్కడ మొరాయిస్తోంది.

“నెలలకొద్దీ కుర్చీలో కాలు మడుచుకుని కూర్చుంది” అంది మేడం, ఎందుకక్కని చూసి. “కండరం బిగుసుకుపోయింది. వెంటనే కాలు పెట్టుకుని నడిచుంటే ఇలా అయ్యేది కాదు. ఇది తిన్నగా రాకపోతే కింద కాలు బిగించినా నిలబడలేదు.”

“వస్తుందా?”

“నెలరోజులు రోజూ చేయిద్దాం. వస్తే వస్తుంది.”

బోర్డులావిడ తల పక్కకి తిప్పి చూసింది. నిచ్చెన మీద నిలబడి అక్షరాలు రాస్తుండగా లారీ వెనక్కొచ్చి నిచ్చెనని గుద్దేసిందట. నిచ్చెన ఎక్కకుండా చేసే బోర్డులు ఎన్నుంటాయి? ఇంట్లో కూర్చుని తలుపులకి పెట్టే పేర్ల పలకలు రాస్తోంది. చలికాలంలో వర్క్‌షాపు వాళ్లు వాళ్ల ఊరొచ్చి కొలతలు తీసుకువెళ్లారు. ఇప్పుడు వానలు పడుతున్నాయి.

“ఫోన్ చేసినప్పుడల్లా మోకాలు రాలేదమ్మా అనేవాళ్లు” అంది ఆవిడ. “కాలు అంటే మోకాలితో కలిపే వస్తుందేమో అనుకున్నా. ఒకసారి అడిగాను కూడా, నాకు మోకాలు ఉంది కదండీ అని. ‘ఉందమ్మా, మీ పేరుమీద ఒకటి రాసే ఉంది, ఓడ రావాలి’ అన్నారు. సరే, రాసి ఉందన్నారు కదా అని ఊరుకున్నాను.”

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, అచ్చంగా అదే జరిగింది. తేడా ఏమిటంటే, ఇక్కడ బిడ్డ ఎవరి చంకలో ఉందో వాళ్లు వెతకలేదు. వాళ్లని కూర్చోబెట్టి, మిగతా అందరూ కలిసి ఓడలో వెతికారు.

ఎందుకక్కకి ముందు నవ్వొచ్చింది. నవ్వు గొంతుదాకా వచ్చాక, బిగుసుకున్న ఆ కాలు కనబడి సిగ్గేసింది. “నేను కనుక్కుంటానండీ” అని మాత్రం అని వచ్చేసింది. ఏం కనుక్కోవాలో ఆవిడకి అప్పటికే సగం తెలుసు, ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ ఆవిడదే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. విసుక్కోకండి, ఇందులో అర్థం కానిదేమీ లేదు.

ఎందుకక్కకి ముందు ఆ ప్రోగ్రామ్ రాసినాయన్ని అందరూ మూటల మాస్టారు అనేవారు. ఒక కాలి గురించి తెలిసినదంతా, ఎవరిది, ఏ వైపుది, పొడవెంత, చుట్టుకొలతెంత, ఏ పాదం, అన్నీ కలిపి ఒక్క మూట కట్టి, నంబరు వేసి డేటాబేస్‌లో పడేసేవాడాయన. డేటాబేస్ అంటే భయపడనక్కర్లేదు, గళ్లు గీసిన పట్టికలు, అంతే. నంబరు చెబితే మూట మూటలా వచ్చేసేది. కానీ ‘ఆరో సైజు ఎడమ పాదాలు ఎన్ని కావాలి?’ అని అడిగితే ఉన్న మూటలన్నీ విప్పాల్సిందే. పైగా ఆ ముడి విప్పడం ఆయన రాసిన ప్రోగ్రామ్‌కి తప్ప ఇంకెవరికీ చేతకాదు. ఆయన వెళ్లిపోయాక కొన్ని మూటలు అసలు విప్పుకోనే లేదు.

ఎందుకక్క వస్తూనే మూటలు వద్దనుకుంది. మరి ఎలా పెట్టాలి? చిక్కు అక్కడే ఉంది. చెయ్యి కాలు లాంటిది కాదు. మోకాలి పైన పోయిన కాలు, మోకాలి కింద పోయిన కాలు లాంటిది కాదు. అన్నిటికీ కొన్ని సంగతులు ఉమ్మడిగా ఉంటాయి, కొన్ని దేనివి దానికే ఉంటాయి. ఒక్కో రకానికి ఒక్కో పట్టిక గీయొచ్చు. లేదా ఉమ్మడి సంగతులకి ఒక పెద్ద పట్టిక, దాని కింద ఎవరి సొంత సంగతులకి వాళ్ల చిన్న పట్టికలు గీయొచ్చు. లేదా అన్ని రకాలకీ కలిపి ఒకే ఒక్క వెడల్పాటి పట్టిక గీసి, ఎవరికి పనికొచ్చే గడులు వాళ్లు నింపుకుని మిగతావి ఖాళీగా వదిలేయొచ్చు.

నెలరోజులు ఆ ప్లాస్టర్ కాళ్ల గదిలో తిరిగింది. మేస్త్రిని అడిగింది, కొలతలు తీసే బాబాయిని అడిగింది, చివరికి ఇంట్లో అత్తగారిని కూడా అడిగింది. అత్తగారు “నాకెందుకమ్మా ఈ కాళ్లగోల, ముందు నా కళ్లజోడు ఎక్కడ పెట్టావో చెప్పు” అంది. అన్నీ ఆలోచించి ఆఖరికి ఒకే వెడల్పాటి పట్టిక గీసింది. అంతా ఒకేచోట, ఒక్క చూపులో. ఏం అడిగినా రెప్పపాటులో జవాబు.

అది తప్పేమీ కాదు. చాలామంది అలాగే చేస్తారు, బాగానే నడుస్తుంది. కాకపోతే అలా చేసేవాళ్లు, ఇది ఏ రకం అని చెప్పడానికి ఒక గడి విడిగా పెడతారు. మన అక్కగారు ఇంకాస్త తెలివి చూపించింది. రకం విడిగా అడగడం ఎందుకు, కొలతలే చెప్తాయిగా అనుకుంది. చేతి కొలతలు నిండి ఉంటే చెయ్యి, లేకపోతే కాలు. కాళ్లలో ‘మోకాలి కింద పొడవు’ అన్న గడి నిండి ఉంటే మోకాలి కింద పోయినట్టు. ఖాళీగా ఉంటే, మోకాలి కింద కొలవడానికేమీ లేదు కాబట్టి పైన పోయినట్టు. అయితే మోకాలు కావాలి. లెక్క సరి. ఆ ఉపాయం తట్టిన రోజు ఇంటికెళ్లి మొగుడికి రెండుసార్లు చెప్పింది. ఆయన రెండుసార్లూ “భలే” అన్నాడు పాపం, అర్థం కాకపోయినా.

ఇప్పుడు ఆ గడినే తెరపై చూస్తూ కూర్చుంది. బోర్డులావిడ వరసలో ‘మోకాలి కింద పొడవు’ ఖాళీ. ఆ పైనా కిందా ఉన్న వరసల్లో కూడా చాలాచోట్ల ఖాళీ. ఏ ఖాళీ చూసినా ఒకేలా ఉంది.

“చెల్లీ, ఇలా రా” అని ముందుగదిలో కూర్చునే అమ్మాయిని పిలిచింది. ఫోన్లు ఎత్తేదీ ఆ అమ్మాయే, ఊళ్లకెళ్లి కొలతలు తీసేటప్పుడు పక్కన కూర్చుని కంప్యూటర్లో కొట్టేదీ ఆ అమ్మాయే. “ఈ గడి ఎందుకు వదిలేశావు?”

“బాబాయి లేదు అన్నారక్కా.”

“లేదు అన్నారా? అదే మాటా?”

“అదే మాట. ఎప్పుడూ అంతే కదక్కా. నేను ‘కింద పొడవు?’ అంటాను, ఉంటే ఎంతో చెప్తారు, లేకపోతే ‘లేదు’ అంటారు. నేను తరవాతి గడికి పోతాను.”

బాబాయంటే కొలతలు తీసే పెద్దాయన. మెడలో టేపు, చెవిమీద పెన్సిలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. భోజనం బల్ల దగ్గర దొరికాడు. ఎందుకక్క ఎదురుగా కూర్చుని బోర్డులావిడ సంగతి గుర్తుచేసింది.

“గుర్తులేకేం! అప్పటికింకా పుండు మానలేదు. కట్టు విప్పితే నొప్పంటుందని కొలవలేదు. తరవాత కొలుద్దాం అనుకున్నా.”

“మరి ఏమని చెప్పారు?”

“లేదు అన్నా.”

“లేదు అంటే?”

“లేదంటే… కొలవలేదు అని.”

“మరి కాలు మోకాలి పైన పోయినవాళ్లకి ఏమంటారు బాబాయ్?”

“వాళ్లకైతే లేదు అంటాను. అసలు లేదుగా.”

ఎందుకక్క ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆయనా ఈవిడ మొహంలోకి చూశాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“అబ్బే, ఆ లేదు వేరు, ఈ లేదు వేరు” అన్నాడు చివరికి.

“మీ నోట్లో వేరు బాబాయ్. కంప్యూటర్ చెవికి ఒకటే వినబడింది.”

“నేనెప్పుడూ అలాగే అంటానే!” అన్నాడాయన. గొంతు తగ్గింది. “ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే ఏ లేదో తెలీదా ఎవరికైనా?”

నిజమే. ఎదురుగా మనిషి ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. గడిలోకి వెళ్లేసరికి మనిషి ఉండడు, ‘లేదు’ ఒక్కటే ఉంటుంది. ఎందుకక్కకి ఆయనమీద కోపం రాలేదు. తెలుగు మాట్లాడే ప్రతివాడూ రోజుకి వందసార్లు ఈ రెండు లేదులూ వాడతాడు, ఒక్కడూ తడబడడు. తడబడేలా పట్టిక గీసింది తనే. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఇందులో బాబాయికి ఒక పిడికెడు, చెల్లికి ఒక పిడికెడు ఉంటే ఉండొచ్చు గానీ, దోసిలి నిండా ఉన్నది తన దగ్గరే.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరు పలకరించినా ఊఁ అంటే ఊఁ అంటూ కూర్చుంది. మొగుడు టీ పెట్టి తెచ్చాడు. ఒక గుక్క తాగి, “చక్కెర లేదు” అంది.

“డబ్బా నిండా ఉంటేనూ!” అంది అత్తగారు, ఇంట్లో చక్కెర నిండుకుందంటోందనుకుని గాభరాపడి.

“డబ్బాలో ఉందత్తయ్యా, టీలో లేదు.”

“నేనే వెయ్యలేదు” అన్నాడు మొగుడు. “నువ్వు మానేశానన్నావుగా?”

ఎందుకక్క గ్లాసు కిందపెట్టి పగలబడి నవ్వింది. పొద్దుటినుంచీ గొంతులో ఆగిపోయిన నవ్వది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంటుంటే తల్లీకొడుకులిద్దరికీ భయమేసింది. “ఒక్క టీ గ్లాసులో మూడు లేదులు” అంది. ఇంట్లో లేకపోవడం ఒకటి, వెయ్యకపోవడం ఒకటి, వద్దనడం ఒకటి. బోర్డులావిడ సంగతంతా అప్పుడు చెప్పింది. అత్తగారు నిచ్చెన దగ్గర చెయ్యి గుండెమీద వేసుకుంది, బిగుసుకున్న కాలి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఆ పిల్లకి చెప్పావా, తప్పు ఎక్కడ జరిగిందో?” అని అడిగింది.

“ఇంకా లేదత్తయ్యా.”

“ఇది ఏ లేదమ్మా?” అంది అత్తగారు.

కోడలు టీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి చెల్లినీ బాబాయినీ పక్కన కూర్చోబెట్టుకుంది. ముందు చేయాల్సింది పట్టిక కాదు. ఆ ఖాళీ గడుల వెనక ఇంకా ఎవరైనా కూర్చుని ఎదురుచూస్తున్నారేమో చూడాలి. తరవాతి ఓడకోసం ఎదురుచూసేవాళ్ల జాబితా పట్టుకుని చెల్లి ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. “మీకు మోకాలు ఉందాండీ?” అని ఫోన్‌లో అడిగితే జవాబులెలా ఉంటాయో మీరే ఊహించుకోండి. ఒకాయన “ఉంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతామమ్మా?” అని కసిరాడు. ఒకావిడ “ఉంది, నొప్పి కూడా ఉంది” అంది, రెండోకాలి సంగతి. ఇంకొకాయన చాలాసేపు ఆలోచించి “మావాణ్ణి అడిగి చెప్తానుండు” అన్నాడు. కాపలా పని చేసి మానేసిన ఒక ముసలాయన మాత్రం “ఉందమ్మా. మీరింకోటి ఇస్తామంటున్నారట కదా, వద్దంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నా” అన్నాడు.

చెల్లి ఫోన్ చేత్తో మూసి, “అక్కా, ఒకరు దొరికారు!” అని కేకేసింది. ఆయన కొలతలిచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఆ వారంలోనే పిలిపించారు.

ఇక పట్టిక సంగతి. చెల్లి ఒక సలహా చెప్పింది. “కొలవకపోతే సున్నా కొడదామక్కా. ఖాళీకీ సున్నాకీ తేడా తెలిసిపోతుందిగా.” సలహా చెడ్డదేం కాదు, పని తొందరగా అయిపోతుంది. ఎందుకక్క కాసేపు ఊగింది కూడా. తరవాత, “ఎవరైనా సగటు పొడవు ఎంతని అడిగితే? ఈ సున్నాలన్నీ కలిపి పిల్లల కాళ్లంత చేసి చూపిస్తుంది. లేదుని దాచడానికి ఇంకో అబద్ధం ఎందుకు?” అంది.

మళ్లీ పట్టికలు గీసింది. ఈసారి ఉమ్మడి సంగతులకి ఒకటి, దాని కింద ఒక్కో రకానికీ ఒక్కోటి. మోకాలి పైన పోయినవాళ్ల పట్టికలో ‘మోకాలి కింద పొడవు’ అన్న గడే ఉండదు. చేతుల పట్టికలో అంతకన్నా ఉండదు. మోకాలి కింద పోయినవాళ్ల పట్టికలో ఆ గడి ఉంటుంది, అది ఖాళీగా కనబడితే ఒక్కటే అర్థం, ఇంకా కొలవలేదని. ఇంట్లో అసలు గదే లేకపోవడం వేరు, ఉన్న గది ఖాళీగా ఉండటం వేరు. ఏ పట్టికలో రాయాలన్నది ఇక ప్రోగ్రామ్ ఊహించదు. మనిషిని ఎదురుగా చూసి బాబాయే చెప్పాలి.

దీనికీ దాని తిప్పలు ఉన్నాయి. ఒక కాలి సంగతంతా చూడాలంటే ఇప్పుడు రెండు మూడు పట్టికలు కలిపి చూడాలి. మునుపు రెప్పపాటులో వచ్చే జవాబు ఇప్పుడు కాస్త ఆలోచించి వస్తోంది. మేస్త్రి రెండుసార్లు సణిగాడు, మూడోసారి నేరుగా వచ్చి అడిగాడు. “బాగున్నదాన్ని ఎందుకు మార్చావు?”

ఎందుకక్క తన బల్లమీద పెట్టుకున్న ఆ మిగిలిన మోకాలిని చూపించింది. మేస్త్రి మళ్లీ ఆ మాటెత్తలేదు.

అసలు మాట మిగిలే ఉంది. రోజూ మధ్యాహ్నం బోర్డులావిడ కసరత్తుకి వచ్చేది. ఆ ఊళ్లోనే తన తోడబుట్టిన అక్క ఇంట్లో దిగింది. ఎందుకక్క రోజూ ఆ గుమ్మందాకా వెళ్లి, ఈ రోజు మెడ తిప్పలేకపోతోందిలే, ఈ రోజు అలిసిపోయిందిలే అని తిరిగొచ్చేది. ఊరందర్నీ ఎందుకు ఎందుకు అని అడిగే మనిషికి, తనని ఎవరైనా ఎందుకు అని అడిగితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆఖరికి ఒకరోజు వెళ్లి బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“మీకు మోకాలు లేదని రాసింది నా ప్రోగ్రామండీ. అది అలా అనుకునేలా చేసింది నేను.”

ఆ రెండు లేదుల సంగతంతా చెప్పింది. ఏదీ తగ్గించలేదు, బాబాయి పేరూ చెల్లి పేరూ ఎత్తలేదు. బోర్డులావిడ మొదట అర్థంకానట్టు విని, తరవాత లేచి కూర్చుంది.

“అంటే నేను ఇన్ని నెలలు ఎదురుచూసింది… దీని కోసమా?” అని తన మోకాలిమీద చరిచింది.

“అవునండీ.”

“నా ఒంటిమీద ఉన్నదాని కోసం.”

“అవును.”

“ఒక్కరు, ఒక్కరు వచ్చి చూసుంటే!” అంది ఆవిడ. “రోజూ కిటికీలోంచి ఎదురుగా ఉన్న కొట్టు బోర్డు చూస్తూ కూర్చునేదాన్ని. నేను రాసిందే. ఒక అక్షరం దగ్గర పెచ్చు ఊడింది. నిచ్చెనేసుకుని వెళ్లి అద్దితే గంట పని. ఆ ఊడినచోటు పెద్దదవుతూ ఉంటే చూస్తూ కూర్చున్నా. మీకు తెలుసా అదెలా ఉంటుందో?”

“తెలీదండీ” అంది ఎందుకక్క. ఆ ఒక్కమాటా పూర్తి నిజం.

బోర్డులావిడ మొహం అటు తిప్పుకుంది. తరవాత మళ్లీ బోర్లా పడుకుని, “పట్టండి, చాపండి” అంది మేడంతో. ఆ రోజు అరిచింది కూడా, నొప్పికో కోపానికో. ఎందుకక్క లేచి వెళ్లలేదు. మర్నాడూ వచ్చి కూర్చుంది, ఆ తరవాతా వచ్చింది. బోర్డులావిడ రావద్దనలేదు. నాలుగోరోజు తనంతట తనే, “ఇంతకీ మీ పట్టికలో రంగులు ఎవరైనా వేస్తారా, అన్నీ తెలుపేనా?” అని అడిగింది. ఎందుకక్క ఒక గంట చెప్పింది. అడిగినవాళ్లు దొరికితే ఆవిడ వదలదు.

నెల తిరిగేసరికి కాలు దాదాపు తిన్నగా వచ్చింది. పూర్తిగా రాలేదు, ఇక రాదని మేడం చెప్పేసింది. ఆ మిగిలిన వంపుకి సరిపడా మేస్త్రి, కాలు దూర్చే తొడుగుని కాస్త ముందుకి వంచి చేశాడు. రెండుసార్లు చేసి రెండుసార్లూ పడేసి, మూడోది బాగుందన్నాడు. కాలు బిగించేముందు కొత్త పట్టికలో వివరాలు మొదటినుంచీ రాయాలి. చెల్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. బాబాయి టేపు పట్టుకుని నేలమీద గొంతుక్కూర్చున్నాడు. ఎందుకక్క గోడకి ఆనుకుని నిలబడింది.

“ఏ వైపు?” అంది చెల్లి.

“కుడి” అన్నాడు బాబాయి.

“మోకాలు?”

ఆ ప్రశ్న కొత్తది, మునుపు లేదు. బాబాయి నోరు తెరవబోయి ఆగిపోయాడు. ఆయన నోటికి ఆ చోట ఇన్నేళ్లూ ఒకటే మాట అలవాటు. ఆయన టేపు కిందికి దించి, బోర్డులావిడ వైపు చూశాడు.

ఆవిడ రంగు వదలని వేళ్లతో మోకాలిని గట్టిగా పట్టుకుని ఉంది.

“ఉంది” అంది. “నాదే. రాసుకో.”